స్టిక్కర్ కాదు, హింజ్ చూసి కొనండి

ప్రతి నెలా 20వ తేదీ దగ్గరపడేకొద్దీ ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసుల్లో హడావుడి చూడాలి. నెలవారీ జీఎస్టీఆర్-3బి దాఖలుకు అదే గడువు. పోర్టల్ నత్తనడక నడుస్తుంటుంది. క్లయింటు ఆఖరి బిల్లులు ఆఖరి గంటలో వాట్సాప్‌లో పంపుతాడు. ఓటీపీ ఎంతకీ రాదు. సరిగ్గా అప్పుడే టేబుల్ మీది ల్యాప్‌టాప్ తెర నల్లబడితే? గడువు దాటిన రిటర్నుకు రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ. ఇవి కాగితం మీద కనిపించే లెక్కలు. పది మంది క్లయింట్ల ఫైళ్లున్న మెషీన్ నాలుగు రోజులు సర్వీస్ సెంటర్లో పడుకుంటే పోయే పేరు ఏ చలానాలోనూ కనిపించదు.

ల్యాప్‌టాప్ కొనే రోజున మాత్రం ఇదేదీ గుర్తుకు రాదు. షోరూంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఐ5ఆ, ఐ7ఆ?’ అని. రెండోది ‘ఎంత తగ్గిస్తారు?’ అని. ఆ రెండింటికీ జవాబు దొరకగానే కార్డు గీకేస్తారు. కిరాణా హోల్‌సేల్ కొట్టుకైనా, మెడికల్ ఏజెన్సీకైనా, డాక్యుమెంట్ రైటర్‌కైనా అసలు అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఇది ఎన్నాళ్లు ఆగకుండా నడుస్తుంది? ఆగితే ఎంత త్వరగా, ఎంత ఖర్చుతో లేస్తుంది? ఈ రెండు ప్రశ్నలతో చూస్తే మన చిన్న వ్యాపారులు తరచూ కొంటున్నది తప్పు రకం సరుకు.

పెద్ద కంపెనీలన్నీ రెండు కుటుంబాల ల్యాప్‌టాప్‌లు తయారుచేస్తాయి. హెచ్‌పీలో చాలాకాలం ఇంటికి పెవిలియన్, ఆఫీసుకు ప్రోబుక్, ఎలైట్‌బుక్. లెనోవోలో ఇటు ఐడియాప్యాడ్, అటు థింక్‌ప్యాడ్. ఆసుస్‌లో వివోబుక్, ఎక్స్‌పర్ట్‌బుక్. ఏసర్‌లో ఆస్పైర్, ట్రావెల్‌మేట్. డెల్‌లో ఇన్‌స్పిరాన్, లాటిట్యూడ్ ఉండేవి. 2025 జనవరిలో ఆ కంపెనీ పాత పేర్లకు స్వస్తి చెప్పి ఆఫీసు రకానికి ‘డెల్ ప్రో’ అని పెట్టింది. రెండు కుటుంబాల్లోనూ ప్రాసెసర్ ఒకటే ఉండొచ్చు, ర్యామ్ ఒకటే ఉండొచ్చు. తేడా అంతా స్టిక్కర్ మీద రాయని చోట ఉంటుంది.

ఆ తేడా తెలియాలంటే ఏ రిపేరు షాపులోనైనా అరగంట కూర్చుంటే చాలు. మూత ఒక మూల విడిపోయి, తెర వేలాడుతున్న ల్యాప్‌టాప్ ఒకటైనా బల్ల మీద ఉంటుంది. ‘హింజెస్ పోయాయి సార్’ అంటాడు మెకానిక్. ఇంటి రకం మోడళ్లలో చాలావాటికి హింజ్ ఇనుప పట్టీని ప్లాస్టిక్ బాడీలో దిగేసిన చిన్న ఇత్తడి నట్లకు మరలతో బిగిస్తారు. కొత్తలో మూత మెత్తగా తెరుచుకుంటుంది. రెండు మూడేళ్లకు హింజ్ బిగుసుకుపోతుంది. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా ప్లాస్టిక్ మీద పడుతుంది. ఒకరోజు నట్టు ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తుంది. తెరకు వెళ్లే కేబుల్ కూడా ఆ పక్కనుంచే వెళ్తుంది కాబట్టి అది నలిగితే గీతలు, ఆ తర్వాత చీకటి. మెకానిక్ అరాల్డైట్ వేసి అతికిస్తాడు. అది కొన్నాళ్లు ఆగుతుంది, మళ్లీ ఊడుతుంది. లోపల ఐ7 చిప్ నిక్షేపంగా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఇక్కడ తిరగబడి, లోన పటారమే కానీ మోసే ఒళ్లు లేదన్నమాట.

అసలైన ఆఫీసు మోడళ్లలో హింజ్‌ను సాధారణంగా లోహపు చట్రానికి బిగిస్తారు. కీబోర్డు మీద టీ ఒలికితే కిందికి జారిపోయే దారి చాలా మోడళ్లలో ఉంటుంది. అడుగు పలక మరలు విప్పినా కింద పడి పోకుండా పలకకే అంటిపెట్టుకుని ఉండే ఏర్పాటు కూడా చాలావాటిలో కనిపిస్తుంది. చూడ్డానికి చిన్న విషయం. విప్పి బాగుచేసేవాడు ఒకడుంటాడని ముందే ఆలోచించి చేసిన వస్తువని దాన్ని బట్టే తెలిసిపోతుంది. ఈ మోడళ్లను ఎలా విప్పాలో చెప్పే సర్వీస్ మాన్యువళ్లను లెనోవో, డెల్, హెచ్‌పీ తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెడతాయి. అవి ఉన్నాయని మన ఊళ్లో కొనేవాళ్లకు చెప్పేవాళ్లు లేరు.

ఈ సంప్రదాయానికి పెద్దన్న థింక్‌ప్యాడ్. ఐబీఎం 1992లో తెచ్చిన 700సి మోడల్‌తో దానికి పేరొచ్చింది. జపాన్ వాళ్ల భోజనం డబ్బాను చూసి రిచర్డ్ సాపర్ అనే డిజైనర్ నల్లటి పెట్టె ఆకారం గీశాడు. కీబోర్డు నడుమ ఎర్ర బొడిపె పెట్టారు. 2005లో ఐబీఎం పీసీ వ్యాపారాన్ని లెనోవో కొనేసినా ఆ నలుపు, ఆ ఎరుపు మారలేదు. 2018లో వచ్చిన టీ480 మోడల్‌ను పాత మెషీన్ల బజారులో ఇప్పటికీ పేరు పెట్టి అడుగుతారు. దానికి లోపల ఒక బ్యాటరీ, వెనక చేత్తో ఊడదీసే బ్యాటరీ మరొకటి. మెషీన్ ఆపకుండానే వెనకది మార్చుకోవచ్చు. ర్యామ్ పెంచుకోవడానికి రెండు స్లాట్లు. కరెంటు పోయినా బిల్లింగ్ ఆగకూడదనుకునే కొట్టుకు ఇంతకంటే పనికొచ్చే సదుపాయం ఏముంటుంది? విచిత్రమేమిటంటే ఆ తర్వాత వచ్చిన టీ490లో ఆ వెనక బ్యాటరీ తీసేశారు, ఒక ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. మెషీన్ పలచబడింది. మరమ్మతుకు లొంగే గుణం కూడా దాంతోపాటే పలచబడింది.

ఆఫీసు రకం అని రాసి ఉన్నదల్లా గట్టిదేమీ కాదు. అన్ని కంపెనీలూ అడుగు మెట్టులో కొన్ని మోడళ్లు పెడతాయి. పేరు వ్యాపారానిది, ఒళ్లు ఇంటిది. అందుకే పేరు మీద ఆధారపడకుండా చేత్తో చూడాలి. మూతను ఒక మూల పట్టుకుని తెరిస్తే మెలి తిరుగుతోందా? కీబోర్డు మధ్యలో వేలితో నొక్కితే లోపలికి కుంగుతోందా? ఒక మూల పట్టుకుని ఎత్తితే కిర్రుమంటోందా? ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు. సేల్స్‌మన్ కాస్త ఇబ్బందిగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇదే సందులో వినిపించే మరో మాట ‘మిలిటరీ గ్రేడ్’. దాని అసలు పేరు మిల్-ఎస్‌టీడీ-810హెచ్. అమెరికా రక్షణ శాఖ 2019లో సవరించిన పరీక్షా పద్ధతుల పుస్తకం అది. వేడి, చలి, దుమ్ము, అదురు, కింద పడటం వంటి పాతిక పైచిలుకు పరీక్షలు అందులో ఉన్నాయి. వాటిలో ఏవి చేయాలో, ఎంత తీవ్రంగా చేయాలో కంపెనీయే ఎంచుకుంటుంది. సర్టిఫికెట్ ఇచ్చే సర్కారీ సంస్థ ఏదీ లేదు. కొన్ని బ్రోచర్ల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో, ఈ పరీక్షలు భవిష్యత్తు పనితీరుకు హామీ కావని, కింద పడితే వచ్చే నష్టానికి విడిగా ప్లాన్ కొనుక్కోవాలని రాసి ఉంటుంది. ఆ ముద్ర ఉంటే మంచిదే. దానికోసం ఐదు వేలు అదనంగా ఇవ్వడం మాత్రం దండగ.

ఇక ప్రాసెసర్ సంగతి. మన దగ్గర ఐ7 అంటే పెళ్లికొడుకు ఉద్యోగంలా చెప్పుకునే హోదా అయిపోయింది. ఏడో తరం ఐ7-7500యు చిప్‌లో ఉన్నవి రెండే కోర్లు. ఎనిమిదో తరం ఐ5-8250యులో నాలుగు. అంటే మరుసటి తరం ఐ5 పాత ఐ7ను పని దగ్గర దాటేసింది. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైన ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఈ గీతకు దిగువన ఉన్న మెషీన్లు కారుచౌకగా వచ్చాయని ఎగబడి కొంటే క్లయింట్ల పాన్, ఆధార్, బ్యాంకు వివరాలను తాళం లేని బీరువాలో పెట్టినట్టే.

టాలీ ప్రైమ్‌కు, ఎక్సెల్‌కు, జీఎస్టీ పోర్టల్‌కు ఐ7 అక్కర్లేదు. అనూ ఫాంట్లతో, 2001 నాటి పేజ్‌మేకర్ 7తో పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ షాపుకు అసలే అక్కర్లేదు. కావాల్సింది ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ లేదా 8 జీబీతో పాటు ఖాళీ స్లాటు. ‘కోపైలట్ ప్లస్’ అని, ‘ఏఐ పీసీ’ అని ఇప్పుడు అంటిస్తున్న కొత్త స్టిక్కర్ల మీద మోజు పడాల్సిన పనీ లేదు. అందులోని ప్రత్యేక చిప్‌కు టాలీలో చేసే పని ఏమీ ఉండదు. అన్నట్టు, టాలీ నడిచేది విండోస్ మీదే. చౌకగా వచ్చిందని విండోస్ లేని క్రోమ్‌బుక్ కొన్నవాళ్లు ఆ సంగతి ఇంటికొచ్చాక తెలుసుకుంటారు.

ఖాళీ స్లాటు గురించి ఇంకో మాట. సన్నటి మోడళ్లలో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించేస్తున్నారు. కొన్ననాడు ఎంత ఉందో చచ్చేదాకా అంతే. ఇన్నాళ్లూ ‘తర్వాత వేయించుకుందాంలే’ అనే మాట చెల్లేది. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్లు మెమొరీ చిప్‌లను మింగేస్తుండటంతో ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. ‘క్రూషియల్’ పేరుతో మామూలు కొనుగోలుదారులకు మెమొరీ అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు మైక్రాన్ ఆ డిసెంబరులోనే ప్రకటించింది. ఇలాంటప్పుడు స్లాటు ఉంటే ధర దిగేదాకా ఆగొచ్చు, పాతదాన్ని ఇంకో మెషీన్ నుంచి తీసి వేసుకోవచ్చు. స్లాటు లేకపోతే ఏమీ చేయలేరు.

వ్యాపారస్తుడి బల్ల మీద ఏమేం ఉంటాయో ఒకసారి చూస్తే పోర్టుల విలువ తెలుస్తుంది. ఈ-టెండరు వేసేవాళ్లకు, కంపెనీల రిటర్నులు పంపేవాళ్లకు డిజిటల్ సంతకం టోకెన్ తప్పదు. మీసేవ కేంద్రంలో వేలిముద్ర యంత్రం. ఆ పక్కన బిల్లు ప్రింటరు. ఇవన్నీ ఇప్పటికీ ఎక్కువగా పాత వెడల్పాటి యూఎస్‌బీతోనే వస్తున్నాయి. రెండు సన్నటి టైప్-సీ రంధ్రాలు మాత్రమే ఉన్న అందమైన ల్యాప్‌టాప్ కొని, దానికో హబ్ వేలాడదీసి, అది కదిలినప్పుడల్లా టోకెన్ కనబడటం లేదని పోర్టల్ గోల పెడుతుంటే మళ్లీ మళ్లీ గుచ్చుతూ కూర్చోవాలి. కనీసం రెండు వెడల్పాటి యూఎస్‌బీలు, ఒక హెచ్‌డీఎంఐ, వీలైతే ఇంటర్నెట్ వైరు గుచ్చే పోర్టు ఉండాలి. ఛార్జింగ్ మాత్రం టైప్-సీ అయితే మేలు. ఛార్జర్ పోతే ఏ ఊళ్లోనైనా తగిన వాటేజీది దొరుకుతుంది. యూరోపియన్ యూనియన్ 2026 ఏప్రిల్ 28 నుంచి కొత్త ల్యాప్‌టాప్‌లకు ఆ పద్ధతినే తప్పనిసరి చేసింది. రోజంతా అంకెలు కొట్టే అకౌంటెంట్లు నంబర్ ప్యాడ్ కోసం 15.6 అంగుళాల బరువు మోస్తుంటారు. 14 అంగుళాల గట్టి మెషీన్‌కు విడిగా యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ పెట్టుకుంటే పని జరుగుతుంది, భుజమూ బతుకుతుంది.

మన వాతావరణం కూడా ఈ లెక్కలోకి రావాలి. చాలా ల్యాప్‌టాప్‌ల స్పెసిఫికేషన్లలో పనిచేసే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకా అని ఉంటుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఏసీ లేని రేకుల షెడ్డు కొట్టులో ఆ గీత ఉదయం పూటే దాటుతుంది. లిథియం బ్యాటరీకి వేడి బద్ధ శత్రువు. ఎప్పుడూ నూటికి నూరు ఛార్జ్‌లో ఉంచడం కూడా దానికి మంచిది కాదు. ఆఫీసు మోడళ్లలో ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటుంది. రోజంతా ప్లగ్గులోనే ఉండే కొట్టు ల్యాప్‌టాప్‌కు మొదటి రోజే అది పెట్టాలి. మూడు పిన్నుల ఛార్జర్‌ను రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్‌లో గుచ్చి, లోహపు బాడీ ముట్టుకుంటే జివ్వుమంటోందని కంపెనీని తిట్టేవాళ్లూ ఉన్నారు. ఆ తప్పు ఎర్తింగ్‌ది.

ఇంత గట్టి మెషీన్ కొత్తది కొనాలంటే ధర ఎక్కువ. నిజమే. అందుకే పాతది కొనమని సలహా. పెద్ద కంపెనీలు సాధారణంగా మూడు నాలుగేళ్లకు ల్యాప్‌టాప్‌లు మార్చేస్తాయి. లీజు తీరిన ఎలైట్‌బుక్‌లు, లాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు టోకు వర్తకుల చేతులు మారి ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌కు, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి చేరతాయి. కొత్త ఇంటి రకం ధరలో సగం లోపు పెట్టి ఇలాంటిది కొంటే, మిగిలిన సొమ్ముతో కొత్త బ్యాటరీ, కొత్త ఎస్‌ఎస్‌డీ వేయించుకున్నా గిట్టుబాటే.

అయితే కళ్లు మూసుకుని కొనే సరుకు కాదది. ముందు బయోస్‌లోకి, అంటే మెషీన్ ఆన్ అవుతుండగా వచ్చే సెట్టింగుల్లోకి వెళ్లి చూడాలి. థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1, డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10 నొక్కితే తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగితే అక్కడే పెట్టేసి రావాలి. పాత కంపెనీ వేసిన తాళం అది. కొన్ని మోడళ్లలో దాన్ని తీయడానికి తయారీ కంపెనీ చెప్పే మార్గం మదర్‌బోర్డు మార్చడమే. తర్వాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో బ్యాటరీ రిపోర్ట్ తీయించి, తయారైనప్పటి సామర్థ్యం ఎంత, ఇప్పుడు నిండా ఎక్కుతున్నది ఎంత అని రెండు అంకెలు పోల్చాలి. అడుగున ఉన్న సీరియల్ నంబరు, బయోస్‌లో కనిపించే నంబరు ఒకటేనా చూడాలి. వేరైతే బోర్డో, అడుగు పలకో మారిందనే అర్థం. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్లో కొడితే వారంటీ ఎప్పటిదో తేలుతుంది. తెల్ల తెర పెట్టి మచ్చలు, ప్రతి పోర్టులో పెన్‌డ్రైవ్ గుచ్చి పనితనం చూసుకోవాలి. వర్తకుడు విసుక్కుంటే పక్క కౌంటరుకు వెళ్లొచ్చు, అక్కడ కౌంటర్లకు కొదవ లేదు.

పాతది అందరికీ సరిపడదు. ఆఫీసులో ఒక్కటే మెషీన్ ఉండి, దాని మీదే బతుకు నడిచేవాళ్లు, స్క్రూడ్రైవర్ పట్టే మనిషి దగ్గర్లో లేనివాళ్లు మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీతో కొత్త ఆఫీసు మోడల్ తీసుకోవడమే మేలు. మామూలు మోడళ్లతో వచ్చే ఏడాది వారంటీలో తరచూ మెషీన్‌ను మనమే మోసుకెళ్లాలి. ఆన్‌సైట్ అయితే ఇంజినీరే వస్తాడు. ‘మర్నాడే వస్తాడు’ అని కాగితం మీద ఉన్నా అది ప్రతి ఊరికీ వర్తించదు. డబ్బు కట్టే ముందు మన పిన్‌కోడ్ చెప్పి, ఆ ఊరికి వస్తారో లేదో కంపెనీ నుంచి మెయిల్‌లో తెప్పించుకోవాలి. నోటి మాట కౌంటర్ దాటాక చెల్లదు.

పన్నుల సంగతి కూడా చూసుకుంటే ధర ఎక్కువన్న బెంగ కొంత తగ్గుతుంది. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. 50 వేల మెషీన్‌కు బిల్లు 59 వేలవుతుంది. జీఎస్టీ నంబరు వేయించి బిల్లు తీసుకున్న మామూలు డీలరుకు ఆ 9 వేలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తాయి. కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు రావు. ఆదాయపు పన్నులో కంప్యూటర్లకు తరుగుదల 40 శాతం. 50 వేల మీద మొదటి ఏడాది 20 వేలు, రెండో ఏడాది 12 వేలు ఖర్చుగా చూపొచ్చు. ఆ ఏడాదిలో 180 రోజులకంటే తక్కువ వాడితే సగమే ఇస్తారు కాబట్టి మార్చి నెలాఖరులో పరుగెత్తి కొనడంలో పెద్ద తెలివి లేదు. అంచనా ఆదాయం పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకు ఇది విడిగా దక్కదు. పాతది కొనేటప్పుడు ఇంకో మెలిక ఉంది. కొందరు వర్తకులు తమ లాభం మీద మాత్రమే జీఎస్టీ కట్టే పద్ధతిలో అమ్ముతారు. అప్పుడు కొన్నవాడికి క్రెడిట్ రాదు. ఏ రకం బిల్లు ఇస్తారో బేరానికి ముందే అడగాలి.

ఇన్ని పరీక్షలు కొట్టువాడి నెత్తిన పెట్టడం న్యాయమా అంటే కాదు. ఏ మెషీన్ ఎంత తేలిగ్గా బాగవుతుందో పదికి ఇన్ని మార్కులని ధర పక్కనే వేయాలని ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి నిబంధన పెట్టింది. ల్యాప్‌టాప్‌లు మొదటి జాబితాలోనే ఉన్నాయి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో చెబుతూ ఒక కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. ఆ సూచీని అన్ని కంపెనీలకూ తప్పనిసరి చేసి, ల్యాప్‌టాప్ అట్టపెట్టె మీద ధర ఎంత పెద్ద అక్షరాల్లో ఉంటుందో అంత పెద్ద అక్షరాల్లో వేయించాలి. హింజ్, బ్యాటరీ, కీబోర్డు ఎన్నేళ్లు దొరుకుతాయో కూడా దాని పక్కనే రాయించాలి. రెండు తెలుగు రాష్ట్రాల వర్తక సంఘాలు, ట్యాక్స్ ప్రాక్టీషనర్ల సంఘాలు ఈ డిమాండును ఢిల్లీ దాకా తీసుకెళ్లాలి.